జేబు టార్చి కొనాలంటే ముందు సెల్లు చూడండి

టార్చిలైటు కొనేటప్పుడు చాలామంది ముందుగా చూసేది ల్యూమెన్లు, అంటే వెలుగు ఎంతో చెప్పే కొలత. నేను ముందు చూసేది సెల్లు. కొన్నేళ్లుగా రోజూ నా జేబులో ఉంటున్న సోఫిర్న్ ఎస్‌పీ10 ప్రో అనే చిన్న టార్చిని ఎంచుకోవడానికి మొదటి కారణం, అది గోడగడియారంలో వేసే మామూలు ఏఏ సెల్లుతో నడవడం. ఏ పల్లెటూరి కిరాణా కొట్టుకు వెళ్లినా ఆ సెల్లు దొరుకుతుంది. తీగ పెట్టి ఛార్జ్ చేస్తే తప్ప వెలగని లైటు, కరెంటు లేని రోజుల్లో ఫోనుతో పాటే ఆగిపోతుంది. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రుళ్ల కోసమే లైటు కొనుక్కుంటాం కాబట్టి, దానికి తిండి ఎక్కడ దొరుకుతుందో ముందే ఆలోచించాలి.

కొట్లో దొరికే సెల్లు అత్యవసరానికే. రోజువారీ వాడకానికి నేను నమ్మింది పానసోనిక్ ఎనిలూప్‌ను. ఇది మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకోగలిగిన నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు. ఒకప్పుడు ఈ రకాన్ని ఛార్జ్ చేసి పక్కన పెడితే కొద్ది వారాల్లోనే వాటంతటవే దిగిపోయేవి. 2005లో శాన్యో కంపెనీ ఎనిలూప్‌ను తెచ్చాక ఆ బెడద తీరింది. ఏడాది పాటు ఊరికే ఉంచినా ఛార్జిలో ఎక్కువ భాగం నిలిచే ఉంటుంది. దీని మీద 1.2 వోల్టులని, వాడి పారేసే ఆల్కలైన్ సెల్లు మీద 1.5 వోల్టులని చూసి ఇది బలహీనమైనదనుకుంటారు. లైటు ఎక్కువ కరెంటు లాగడం మొదలుపెట్టగానే ఆల్కలైన్ సెల్లు వోల్టేజీ కుంగిపోతుంది. నికెల్ సెల్లు మాత్రం దాదాపు చివరిదాకా 1.2 దగ్గరే నిలబడుతుంది. అందుకే వెలుగు ఎక్కువ కావలసినప్పుడు దీనిదే పైచేయి.

ఆల్కలైన్‌ను లైటులో వేసి మరచిపోతే అంతకంటే పెద్ద నష్టం ఉంది. కొన్నాళ్లకు లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ కారి, తెల్లటి పొడిలా పేరుకుని స్ప్రింగును తినేస్తుంది. నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో తుడిస్తే క్షారం విరుగుతుంది కానీ పాడైన లోహం మళ్లీ బాగుపడదు. కారులోనో బ్యాగులోనో ఏళ్ల తరబడి కదపకుండా ఉంచే లైటుకైతే ఒకసారి వాడి పారేసే లిథియం ఏఏ సెల్లు వేయండి. ధర ఎక్కువే, కానీ తేలిక, ఏళ్లు గడిచినా శక్తి పెద్దగా తగ్గదు, కారే భయమూ చాలా తక్కువ.

ఛార్జరు దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. ఒక్కో సెల్లును విడివిడిగా గమనిస్తూ, నిండగానే ఆపేసేదే కొనాలి. చవక ఛార్జర్లు చాలావరకు రెండేసి సెల్లులను జతగా ఛార్జ్ చేస్తాయి. ఒకే సెల్లుతో నడిచే లైటున్నవాళ్లకు అవి పనికిరావు.

ఈ లైటులో 14500 అనే, మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే లిథియం అయాన్ సెల్లు కూడా పడుతుంది. చూడటానికి అచ్చం ఏఏ లాగే ఉంటుంది, నిండినప్పుడు మాత్రం 4.2 వోల్టులు. వెలుగు ఒక్కసారిగా బాగా పెరుగుతుంది. ఆ ఉత్సాహంలో దాన్ని గోడగడియారంలోనో రక్తపోటు చూసే యంత్రంలోనో వేస్తే ఆ పరికరం కాలిపోవచ్చు. ఇంట్లో పిల్లలుంటే 14500ను ఏఏ సెల్లులతో కలిపి పెట్టవద్దని గట్టిగా చెబుతాను. తాళంచెవులున్న జేబులో విడిగా వేయకూడదు, ప్లాస్టిక్ డబ్బీ తప్పనిసరి. విమానంలో విడి లిథియం సెల్లులు చేతి సామానులోనే ఉండాలి. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలు దాటే ఎండకు మూసి ఉంచిన కారులో ఈ లిథియం అయాన్ సెల్లులను వదలడం ప్రమాదం. ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేకుండా ఉండటానికే నేను ఎక్కువగా ఎనిలూప్‌తో సరిపెట్టుకుంటాను.

ఇక వెలుగు సంగతి. కంటికి రెట్టింపు వెలుగుగా తోచాలంటే ల్యూమెన్లు సుమారు నాలుగింతలు కావాలి. పెట్టె మీద రాసిన గరిష్ఠ సంఖ్య కూడా లైటు వేసిన కొద్దిసేపటికే కొలిచింది. ఇంత చిన్న లైటు ఆ వేడిని ఎక్కువసేపు తట్టుకోలేక తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. నాకు నిజంగా ఉపయోగపడేది దీని అతి సన్నని వెలుగు. ఆరి ఉన్నప్పుడు స్విచ్చి నొక్కి పట్టుకుంటే అదే వస్తుంది. పక్కనున్నవాళ్ల నిద్ర చెడకుండా మందు బిళ్ల వెతుక్కోవడానికి అది చాలు. మూడుసార్లు నొక్కితే సెల్లులో వోల్టేజీ ఎంతుందో మిణుకులతో చెబుతుంది.

రంగు గురించి మాత్రం పట్టుబట్టి చెప్పాలి. ఇందులోని ఎల్ఈడీకి సీఆర్ఐ అనే రంగుల కొలత 90కి పైన, అంటే వస్తువుల రంగులను పగటి వెలుగులో ఉన్నంత దగ్గరగా చూపిస్తుంది. చవక లైట్ల నీలి తెలుపులో గోధుమ, ఎరుపు, బూడిద రంగులు ఒకే తీరుగా వెలిసిపోతాయి. ఎండుటాకుల్లో కదలకుండా పడుకున్న రక్తపింజరిని ఆకుల నుంచి వేరుచేసి చూపేది ఆ గోధుమ రంగు మచ్చలే. కట్లపాము తిరిగేది రాత్రిపూట. 2000 నుంచి 2019 మధ్య మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. పొలం గట్ల మీద నడిచేవాళ్లు ల్యూమెన్ల కంటే ముందు సీఆర్ఐ అడిగి కొనాలి. ఫోను లైటు దీనికి సాటిరాదు. అది దగ్గరే వెలుగు చల్లేసి ఊరుకుంటుంది, పైగా ఫోను బ్యాటరీ తాగేస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఎలక్ట్రానిక్ స్విచ్చి ఉన్న ఏ లైటైనా ఆరి ఉన్నప్పుడు కూడా రవ్వంత కరెంటు తాగుతూనే ఉంటుంది. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు వెనక మూతను పావు చుట్టు వదులు చేస్తాను. జేబులో దానంతట అది వెలగకుండా స్విచ్చిని నాలుగుసార్లు నొక్కి తాళం వేయాలి. ఈ నొక్కుల లెక్క అందరికీ నచ్చదు. మా అమ్మకు ఇది ఇవ్వలేదు. వెనక గట్టి స్విచ్చి ఉండి, ఒక నొక్కుకు వెలిగి మరో నొక్కుకు ఆరే ఏఏ లైటు ఇచ్చాను. సెల్లు మాత్రం అదే ఎనిలూప్, ఛార్జరూ ఇద్దరికీ ఒకటే. చేను అవతలి గట్టు దాకా వెలుగు కావాలంటే ఈ రెండూ చాలవు. దానికి ఏఏ కంటే పెద్దదైన 18650 అనే లిథియం అయాన్ సెల్లు వేసే పెద్ద లైటు కొనాలి, అది జేబులో ఇంత సులువుగా ఇమడదు.