యెరూషలేములో పర్ణశాలల పండుగ: గది దగ్గర మోసపోయాం, పందిట్లో కడుపు నిండింది

ముందు గది సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. 2019 అక్టోబర్ 12, శనివారం నుంచి నాలుగు రాత్రులకి యాఫో వీధి వెనక ఒక చిన్న హోటల్ బుక్ చేసుకున్నాం. రాత్రికి 480 షెకెళ్ళు. షెకెల్ అప్పట్లో మన 20 రూపాయలు. తీరా దిగాక హోటలాయన 17 శాతం వ్యాట్ అంటూ ఇంకో 326 షెకెళ్ళు కట్టమన్నాడు. విదేశీ టూరిస్టులకి హోటల్ గది మీద ఆ వ్యాట్ ఉండదు. పాస్‌పోర్టు, ఎయిర్‌పోర్టులో ఇచ్చే చిన్న నీలం కాగితం చూపిస్తే చాలు. మావారు రెండూ కౌంటర్ మీద పెట్టారు. "అది పెద్ద హోటళ్ళకే" అన్నాడు. రాత్రి పదకొండు దాటింది, అత్తయ్యగారు సూట్‌కేసు మీదే కూర్చుండిపోయారు. కట్టేశాం. ఆరున్నర వేలు! మావారు మర్నాడు మధ్యాహ్నం దాకా ముభావంగానే ఉన్నారు. వ్యాట్ వసూలు చేయబోమని హోటల్ వాళ్ళ చేత ముందే మెయిల్లో రాయించుకోండి, ఆ నీలం కాగితం జాగ్రత్తగా దాచుకోండి.

అసలు ఈ ప్రయాణం అత్తయ్యగారి కోసం. గుంటూరులో చిన్నప్పటి నుంచి చర్చిలో విన్న, బైబిల్లో ఈ పండగ గురించి చెప్పే లేవీయకాండం 23వ అధ్యాయాన్ని కళ్ళారా చూడాలని ఆవిడ కోరిక. ఐగుప్తు నుంచి బయటపడి అరణ్యంలో బతికిన రోజులు మరచిపోకుండా యూదులు ఏడు రోజులు పందిట్లో భోంచేస్తారు, కొందరు అక్కడే పడుకుంటారు. హీబ్రూలో ఆ పందిరిని సుక్కా అంటారు.

ఆదివారం పొద్దున్న మహనే యెహుదా బజారుకి వెళ్ళాం. ఎక్కడ చూసినా పండగలో చేత పట్టుకునేవే: విప్పారని ఖర్జూర మొవ్వలు, సువాసన రొట్టలు, నీటి ఒడ్డున పెరిగే చెట్టు కొమ్మలు, ఎత్రోగ్ పళ్ళు. ఎత్రోగ్ అంటే మన మాదీఫలమే. ఒక పెద్దాయన భూతద్దం పెట్టి పండు మీద మచ్చలు వెతకడం చూశాను. ఒకటి తీశాడు, తిప్పాడు, పెట్టేశాడు. అలా పదో పదిహేనో.

పొద్దుగూకడంతోనే పండగ మొదటి రోజు మొదలు కాబట్టి, సాయంత్రానికి ఊరంతా మూతపడింది. బస్సుల్లేవు, ట్రామ్ లేదు, టీ చుక్క దొరకలేదు. గదిలో అరటిపళ్ళు, బ్రెడ్డు మిగిలాయి. మీరు వెళ్తే ఆ మధ్యాహ్నం రెండింటికల్లా తిండి కొనిపెట్టుకోండి.

ఊరికే నడుద్దామని పక్కనున్న నహ్లాఓత్ సందుల్లోకి వెళ్ళాం. ప్రతి వాకిట్లో పందిరి, ప్రతి పందిట్లో పాట. తలకి స్కార్ఫ్ కట్టుకున్న ఒక పెద్దావిడ అత్తయ్యగారి చీర చూసి "హోదు?" అంది. ఇండియానా అని. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఈ పండగలో అతిథిని పిలవడం ఆనవాయితీ. బైబిల్లోని పితరుల్లో రోజుకొకర్ని కూడా ఆహ్వానిస్తారు, మొదటి రాత్రి అబ్రాహాముది. వాళ్ళ పెద్దలు ఇరాక్‌లోని కుర్దుల ప్రాంతం నుంచి వచ్చారట. బొంబాయి రవ్వ ఉండల్లో ఖీమా కూరి, పుల్లటి ఆకుకూర చారులో ఉడికించారు. కుబ్బే అంటారు. మన చుక్కకూర పులుపే. మావారు మూడు గిన్నెలు తాగారు, వ్యాట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను ఫోన్ తీయబోతే ఆ పెద్దావిడ మనవరాలు మెల్లగా వద్దంది. మొదటి రోజు ఫొటోలు తీయరు. మీరూ తీయకండి.

పైన తాటాకుల్లాంటి మట్టలు పలచగా పరిచారు. నీడ ఎండకంటే ఎక్కువ ఉండాలి, కానీ చుక్కలు కనిపించాలి. ఆ రోజు మనకి ఆశ్వయుజ పౌర్ణమి. వెన్నెల మట్టల సందుల్లోంచి గిన్నెల్లోకి జారింది.

చివర్లో ఆ ఇంటి మనవడు పెట్టె తెచ్చి, పీచులో చుట్టిన ఎత్రోగ్ తీసి అత్తయ్యగారికి అందించాడు. కొనకున్న చిన్న మొనని పితొమ్ అంటారు, అది విరిగితే పండు పనికిరాదట. అందుకే ఆవిడ వాసన చూస్తున్నంతసేపూ వాడు అరచెయ్యి కింద పెట్టే ఉంచాడు. "మా పెరట్లో దబ్బచెట్టుది అచ్చం ఇదే వాసన" అన్నారావిడ. మనవరాలు ఇంగ్లీషులోంచి హీబ్రూలోకి చెప్పేసరికి పందిరంతా నవ్వులే.

మేము మళ్ళీ వెళ్తే గది నహ్లాఓత్‌లోనే తీసుకుంటాం.