జీఆర్‌ఈ పదాల కార్డులు కొనేవారికి హెచ్చరిక

విదేశాల్లో పీజీ చదువుల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకు సిద్ధమవుతున్న మా చెల్లెలి కోసం ఈమధ్య ఆన్‌లైన్‌లో 1,499 రూపాయలు పెట్టి వెయ్యి ఇంగ్లిష్ పదాల కార్డుల పెట్టె కొన్నాను. ఒక్కో కార్డు మీద ఒక కఠిన పదం, తెలుగు అర్థం, ఒక ఉదాహరణ వాక్యం ఉంటాయి. అచ్చు ముచ్చటగా ఉండడంతో మాకు అనుమానమే రాలేదు. తను మూడు వారాల పాటు రోజుకు ముప్పై చొప్పున వల్లె వేసింది.

నమూనా పరీక్షలో తప్పు పోయిన ఒక ఖాళీ పూరించే ప్రశ్న దగ్గర అసలు సంగతి బయటపడింది. 'ఎనర్వేట్' అంటే నీరసపరచడం. కార్డు మీద 'ఉత్తేజపరచు' అని ఉంది. 'ఎనర్జీ'ని పోలి ఉందని ఎవరో ఊహించి రాసినట్టున్నారు. ఆ రాత్రి ఇద్దరం నిఘంటువు ముందు పెట్టుకుని సరిచూస్తే, దుర్వాసన కొట్టే అనే అర్థమున్న 'నాయిసమ్'కు 'గోల చేసే' అనీ, కుదురులేని అసహనాన్ని తెలిపే 'రెస్టివ్'కు 'విశ్రాంతిగా ఉన్న' అనీ కనబడ్డాయి. 'శాంక్షన్'కు 'మంజూరు' ఒక్కటే ఇచ్చారు. వార్తల్లో తరచూ చూసే 'ఆంక్ష' అన్న అర్థం లేనే లేదు.

అర్థాల తప్పులకన్నా ఉదాహరణ వాక్యాలే ఎక్కువ నష్టం చేశాయని నా అభిప్రాయం. 'ఆ రోజు అతడు చాలా ఎనర్వేటెడ్‌గా కనిపించాడు' అన్న ధోరణిలో ఉన్నాయవి. ఆ మాట తీసేసి సంతోషం, కోపం, ఆకలి ఏది పెట్టినా వాక్యం చెల్లుతుంది; ఇక చదివేవారికి తప్పు ఎలా తెలుస్తుంది? 'రోహిణి ఎండకు ఎనర్వేట్ అయిపోయి, నాలుగు మెట్లు ఎక్కే ఓపిక లేక అరుగు మీదే కూలబడ్డాడు' అని ఉంటే, అర్థం తప్పుగా అచ్చయినా వాక్యమే పట్టించేది. పైగా జీఆర్‌ఈలో వ్యతిరేక పదాల ప్రశ్నలు 2011లోనే తీసేసి, వాక్యంలోని ఖాళీలకే ప్రాధాన్యమిచ్చారు. పెట్టె మీద 'తాజా సిలబస్' అని ఉన్నా, చివరి వంద కార్డులూ వ్యతిరేక పదాల జతలే.

సీలు తీసిన పెట్టె వాపసు తీసుకోబోమని అమ్మకందారు చెప్పారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. డబ్బు వచ్చినా పోయిన మూడు వారాలు తిరిగి రావు. నిన్న కూడా 'రెస్టివ్' కనబడగానే మా చెల్లెలు 'విశ్రాంతి' అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది.

ఇలాంటివి కొనబోయేవారు నమూనా కార్డుల ఫొటోలు అడిగి తీసుకుని, పైన చెప్పిన నాలుగు పదాలనూ మెరియమ్ వెబ్‌స్టర్ వంటి ఉచిత ఆన్‌లైన్ నిఘంటువులో సరిచూసుకోండి. ఫొటోలు పంపడానికి ఒప్పుకోని వారి దగ్గర కొనకండి. ఇప్పటికే కొన్నవారు, సీలు తీయకపోతే, వాపసు గడువు దాటకముందే తిప్పి పంపేయండి.