ఆరేళ్లుగా వైజ్ రంగులతో: ఉబ్బు లేని గెలాక్సీల్లో బ్లాక్ హోల్స్ వేట

ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో ఆకాశాన్ని చూసిన నాసా అంతరిక్ష టెలిస్కోప్ వైజ్ కేటలాగ్‌తో నన్ను కట్టిపడేసింది ఒక చిన్న తీసివేత. 3.4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గరి మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత) లోంచి 4.6 మైక్రాన్ల దగ్గరిది తీసేయాలి. ఈ తేడానే 'రంగు' అంటారు, అది ఎంత పెద్దదైతే అంత ఎరుపు. తేడా 0.8 దాటితే లోపల బ్లాక్ హోల్ ఏదో మింగుతోందని అనుమానించవచ్చు. మామూలు నక్షత్రాలకు ఆ తేడా సున్నాకు దగ్గర్లో ఉంటుంది. బ్లాక్ హోల్ చుట్టూ కాగిన దుమ్ము అలా ఉండదు. మధ్యలో నక్షత్రాల ముద్ద, అంటే ఉబ్బు లేని పళ్లెం లాంటి గెలాక్సీల్లో ఇది మరీ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ మామూలు కాంతిలో కొత్త నక్షత్రాల హడావిడే కనిపిస్తుంది.

మొదటి మూడేళ్లు అడిగినవాళ్లందరికీ దీన్నే వాడమన్నాను. ఆ మాట ఇప్పుడు కాస్త సవరించుకోవాలి.

ఒకసారి పలచటి గెలాక్సీ ఒకటి తగిలింది. మధ్యలో ఉబ్బు జాడే లేదు, తేడా 0.9 పైనే. స్పెక్ట్రంలో (కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీస్తే వచ్చేది) నక్షత్రాల పుట్టుక తప్ప ఇంకేం లేదు. అచ్చం నేను వెతుకుతున్న రకం! మూడు వారాలు సరిగ్గా నిద్రపోలేదు. ఒక రాత్రి ఇంకాస్త స్పష్టమైన ఫొటో దొరికితే పెద్దది చేసి చూశాను. కేంద్రానికి 4 ఆర్క్‌సెకండ్ల (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) పక్కన నీలంగా ఒక చుక్క. దాని స్పెక్ట్రం ఆర్కైవ్‌లో అప్పటికే ఉంది: ఎంతో వెనక, ఎంతో దూరాన ఉన్న క్వాసార్, అంటే బ్లాక్ హోల్ మింగుతుంటే విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రం. వైజ్ చూపు 6 ఆర్క్‌సెకండ్ల మేర మసక కాబట్టి రెండూ కలిసి ఒకే వెలుగుగా నమోదయ్యాయి. ఆ రాత్రి పడ్డ బాధ ఇంకా గుర్తుంది.

అప్పటినుంచి ముందు ఫొటో, తర్వాతే తీసివేత. మరుగుజ్జు గెలాక్సీలైతే ఇంకా జాగ్రత్త: విపరీతంగా నక్షత్రాలు పుడుతున్నా ఇదే ఎరుపు వస్తుంది. బ్లాక్ హోల్ నీరసంగా ఉంటే మాత్రం నక్షత్రాల వెలుగు దాన్ని ముంచేసి, తేడా 0.8 దాకా రానే రాదు.

నా పూర్తి నమ్మకం స్పెక్ట్రంలో 14.3 మైక్రాన్ల దగ్గర కనిపించే నియాన్ గీత మీదే. అది ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న నియాన్ పరమాణువు, అంటే అయాన్, వెలువరించేది. ఆ అయాన్ తయారవ్వాలంటే 97 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, మామూలు వేడి నక్షత్రాలకు అది చేతకాదు. ఎన్‌జీసీ 3621 గెలాక్సీలో దాక్కున్న బ్లాక్ హోల్ 2007లో స్పిట్జర్ అనే ఇన్‌ఫ్రారెడ్ అంతరిక్ష టెలిస్కోప్ స్పెక్ట్రంలో బయటపడింది ఈ గీతతోనే. స్పిట్జర్ 2020లో ఆగిపోయింది. జేమ్స్ వెబ్ ఆ గీతను చూడగలదు కానీ దాని టైమ్ నాలాంటివాళ్లకు దొరకడం కష్టం.

అందుకే నేను వైజ్‌ను వదల్లేదు. ఆకాశం మొత్తం అందులో ఉంది, అందరికీ ఉచితం. టెలిస్కోప్ టైమ్ ఉన్నవాళ్లు దీంతో ఎంతసేపు గడపాలో చెప్పలేను. నా లిస్టులో ఇప్పుడు పదకొండు గెలాక్సీలున్నాయి, ఫొటో చూడటం పూర్తయినవి నాలుగే.