మూడేళ్ల ఎగ్జాస్ట్ ఫ్యాన్: ఒక స్టార్ నుంచి నాలుగు స్టార్లకు

బాత్రూమ్ సీలింగ్‌లో ఈ ఫ్యాన్ బిగించి మూడేళ్లు దాటింది. మొదటి ఏడాదే రాసుంటే ఒక్క స్టార్ ఇచ్చేవాణ్ణి, అదీ మనసొప్పక. ఇప్పుడు నాలుగు ఇస్తున్నా. ఫ్యాన్ అదే. దాని గాలిని బయటికి తీసుకెళ్లే పైపు మారింది, అంతే.

మొదటి చలికాలంలోనే గొడవ మొదలైంది. వేడినీళ్ల స్నానం చేసి ఫ్యాన్ ఆపిన కాసేపటికి జాలీ అంచు నుంచి చుక్కలు పడేవి. జాలీకి పట్టిన దుమ్ము కలిసి గోధుమరంగులో, తెల్ల టవల్ మీద మరకలు పడేలా. పైన నీళ్ల పైపు కారుతోందేమోనని ప్లంబర్‌ని పిలిస్తే, అన్నీ పొడిగానే ఉన్నాయని చెప్పి వెళ్లిపోయాడు. ఈలోగా సీలింగ్ మూల నల్లగా బూజు పట్టింది.

చివరికి నేనే ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి ఊడదీసి టార్చి వేశాను. రెండు మీటర్లు చాలే చోట నాలుగు మీటర్ల ముడతల పైపు! మిగిలింది కోయడానికి బద్ధకించి అలాగే కుక్కేశాడు బిగించినాయన. అది మధ్యలో ఊయలలా వేలాడుతోంది. ఎందుకింత బరువుగా ఉందా అని చేత్తో ఎత్తానో లేదో, గ్లాసుడు నీళ్లు ఫ్యాన్ లోంచి నా చొక్కా మీదకి.

అది లీకేజీ కాదు, మన స్నానం ఆవిరే. మరిగే గిన్నె మూత లోపల బొట్లు కట్టినట్టు, చల్లటి పైపు గోడకు తగలగానే ఆవిరి నీరైపోతుంది. పైపు జారిన చోట నిలిచి, నిండాక వెనక్కి, మోటారు మీదకి వస్తుంది. దీనికి తోడు బయట గోడకు, పైపు చివర గాలికి తెరుచుకునే మూత రెక్కల మీద సిమెంటు పూసేశారు, సగమే తెరుచుకునేవి. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు జాలీకి టిష్యూ ఆనిస్తే నిలవకుండా జారిపోయేది. ఈ పరీక్ష బిగించిన రోజే చేసుండాల్సింది.

ముడతల పైపు పీకించి 4 అంగుళాల గట్టి పీవీసీ పైపు వేయించాను, వంపు ఒక్కటే ఉండేలా. మీటరుకి రెండు సెంటీమీటర్ల చొప్పున వాలు బయటికి, నీరు పట్టినా బయటే కారిపోతుంది. పైపు చుట్టూ ఫోమ్ తొడుగు. అతుకులకు అల్యూమినియం టేపు, ఎందుకంటే పాత గుడ్డ టేపు జిగురు ఎండి ఊడిపోయి వేలాడుతోంది. రెక్కల మీది సిమెంటు నేనే గీకాను.

ఇంకో చిన్న సంగతి, చాలామంది పట్టించుకోనిది. తలుపు కింద సందు లేకపోతే ఎంత మంచి ఫ్యాన్ అయినా గాలి లాగలేదు, లోపలికి వస్తేగా బయటికి పోయేది! మా తలుపు అడుగున సెంటీమీటరు కోయించాక, అరగంట మబ్బుగా ఉండే అద్దం పది నిమిషాల్లో తేటపడుతోంది. స్నానం అయ్యాక ఫ్యాన్ ఇంకో ఇరవై నిమిషాలు తిరిగేలా టైమర్ కూడా పెట్టించాను.

రెండు చలికాలాలు గడిచాయి. చుక్క పడలేదు అనలేను. బాగా చలిగా ఉన్న రోజుల్లో ఒకటి రెండు బొట్లు కనిపిస్తాయి, ఫ్యాన్ మెడ దగ్గర తొడుగు అందని చోట. బూజు మాత్రం తిరిగి రాలేదు.

తగ్గించిన ఒక్క స్టార్ చప్పుడుకి. ఆన్ చేయగానే మొదటి నిమిషం బేరింగ్ కరకరలాడుతుంది. ఏడాదిపాటు నీళ్లు తాగిన మోటారు కదా, దాన్ని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు.