అంగన్వాడీలో డెంగీ మీటింగ్: విషయం భేష్, పెట్టిన టైమే బాలేదు

తిరుపతిలో మా వీధి అంగన్వాడీలో తల్లులకు డెంగీ మీద మీటింగ్ పెట్టారు. కరపత్రం పంచి, ఫొటో తీసుకుని పంపేస్తారులే అనుకుని రానివాళ్లు మంచి క్లాసు పోగొట్టుకున్నారు.

ఏఎన్ఎం మేడం ఉపన్యాసం జోలికి పోలేదు. ఎవరింటి తొట్టిలోవో నీళ్లు గాజు సీసాలో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. లోపల సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. సీసా తడితే మెలికలు తిరుగుతూ అడుగుకు పోతున్నాయి. "వారం పది రోజుల్లో ఇవే దోమలమ్మా" అనగానే వెనక కబుర్లు ఆగిపోయాయి. ఈ దోమకు మురిక్కాలవతో పనిలేదు, మనం పట్టి దాచుకున్న మంచినీళ్లే చాలు. పైగా కుట్టేది పగలు. మా వీధిలో దోమతెరలన్నీ రాత్రికే. మధ్యాహ్నం చీర ఉయ్యాలలో పడుకున్న బిడ్డకు ఏ అడ్డూ ఉండదు. పగటి నిద్రకూ తెర కట్టమని గట్టిగా చెప్పింది.

శుక్రవారం డ్రై డే, అంటే తొట్లు, డ్రమ్ముల్లో నీళ్లు పారబోసి ఆరబెట్టే రోజు, ఆ సంగతి అందరికీ తెలిసిందే. నాకు కొత్తగా తెలిసింది, నీళ్లు పారబోస్తే సరిపోదని. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అతుక్కుని, తడారినా నెలల తరబడి బతికే ఉంటాయట. మళ్లీ నీళ్లు పడితే పొదుగుతాయి. ఆశా అక్క కొబ్బరి పీచు తీసుకుని డ్రమ్ము అంచు రుద్ది చూపించింది. ఫ్రిజ్ వెనక ట్రేలో నిలిచే నీళ్ల గురించి చెప్పినప్పుడు మాత్రం అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

బొప్పాయాకు రసం పనిచేస్తుందా అని ఒకావిడ అడిగింది. "దాన్ని నమ్ముకుని ఆస్పత్రికి రావడం ఆపొద్దవ్వా" అంది మేడం. జ్వరానికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. జ్వరం దిగిన రోజుల్లోనే ఇంకా జాగ్రత్తగా చూడాలట: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, బిడ్డ మత్తుగా పడి ఉండడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసుకుపోవాలి. తగ్గింది కదా అని స్కూలుకు పంపే మనలాంటివాళ్లకు ఇదొక్కటి తెలిసినా చాలు.

ఇక లోపాలు. పదకొండు గంటలకు పెడితే హోటళ్లలో, షాపుల్లో పనిచేసే తల్లులు ఎలా వస్తారు? వచ్చినవాళ్లలో సగానికి పైగా బాడుగ ఇళ్లవాళ్లం. మేడ మీద మూతలేని ట్యాంకు, పాత టైర్లు, పగిలిన కుండీలు ఓనర్‌వి, మెట్ల తాళం కూడా ఆయన దగ్గరే. అదే అడిగితే "వార్డు సచివాలయంలో చెప్పండి" అని తేల్చేశారు. తల్లుల్ని కూర్చోబెట్టి చెప్పినంత మాత్రాన ఆ ట్యాంకుకు మూత పడదు కదా!

మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి. ఆలోపే ఇంకోసారి, ఈసారి సాయంత్రం పెట్టి, ఇంటి ఓనర్లను కూడా పిలిస్తే అయిదుకు అయిదు ఇస్తాను. ఇప్పటికి మూడున్నర.