ఆడిటర్ని మార్చాలా, నెలనెలా చూసే మనిషిని పెట్టాలా, ఫోరెన్సిక్ వాళ్ళని పిలవాలా?

మా మావయ్యకి పలాసలో చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. పోయిన నెల ఫోన్ చేసి "అల్లుడూ, సరుకు బాగానే పోతంది, డబ్బులే మిగల్డం లేదు, ఆడిటర్ని మార్చీమంటావేటి" అన్నాడు. శ్రీకాకుళంలో నాలుగు షాపులకి లెక్కలు రాసుకుని బతికేవాడిని కదా, చుట్టాల్లో ఇలాంటివన్నీ నా నెత్తికే వస్తాయి.

సీఏని మార్చితే దొంగ దొరుకుతాడని మనోళ్ళకో నమ్మకం. ఆయన పని అది కాదు అసలు. ఏడాది లెక్కలు మొత్తమ్మీద సరిగ్గా ఉన్నాయా లేవా అని శాంపిల్ తీసి చూసి సంతకం పెడతాడు, ప్రతి వోచరూ తిరగెయ్యడు. ఆడిటర్ కాపలా కుక్కే గానీ వేటకుక్క కాదని 1896లోనే ఇంగ్లండులో ఒక కాటన్ మిల్లు కేసులో జడ్జి అనేశాడు. మన సత్యం కంప్యూటర్స్ సంగతి తెలిసిందే, 5 వేల కోట్లకి పైగా లేని నగదు, బ్యాంకు నిల్వలు ఉన్నట్టు రాసేస్తే అంత పేరున్న ఆడిట్ సంస్థ సంతకాలు పెడుతూ పోయింది, 2009 జనవరిలో ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజుగారే ఒప్పుకుంటూ ఉత్తరం రాస్తే గానీ బయటికి రాలేదు. కోటి, ఆపైన మోసం కనబడితే కేంద్రానికి చెప్పాలన్న రూలు కూడా కంపెనీల ఆడిటర్లకే, మావయ్య ఫర్మ్‌కి అది వర్తించదు.

ఫోరెన్సిక్ అంటే ఫోన్లు, మెయిళ్ళు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ తవ్వి కోర్టులో నిలబడేలా రిపోర్ట్ ఇస్తారు. పార్ట్‌నర్లు కొట్టుకున్నప్పుడో, కేసు పెట్టాలనుకున్నప్పుడో పనికొస్తుంది. మావయ్య స్థాయికి మాత్రం కొండని తవ్వి ఎలకని పట్టినట్టే, పోయిన డబ్బు కంటే ఫీజే ఎక్కువవుద్ది.

ఇక నెలనెలా లోపల్నుంచి చూడటం. నా ఓటు దీనికే. అమెరికాలో వరల్డ్‌కామ్ గుట్టు 2002లో బయటపడింది బయట ఆడిటర్ వల్ల కాదు, ఆ కంపెనీ సొంత ఇంటర్నల్ ఆడిట్ వాళ్ళు రాత్రిళ్ళు కూర్చుని తవ్వితే 380 కోట్ల డాలర్ల తేడా తేలింది. మనకి అంత అక్కర్లేదు, నేను ఒక్క ఆదివారం వెళ్ళి పుస్తకాలు ముందేసుకున్నా. గోనె సంచులు సప్లై చేసే ఒకాయన బిల్లులు చూస్తే జూన్‌లో నంబరు 41, జులైలో 42, ఆగస్టులో 43. అంటే మూడు నెలల్లో ఆయనకి మావయ్య తప్ప ఇంకో గిరాకీ లేడా? హమాలీ వోచర్లు తీస్తే పది మంది సంతకాలు, ఒకటే పెన్ను, ఒకటే వంకర.

లోపలుండేవాడికి సరుకు లెక్క కూడా తెలుస్తుంది. 80 కేజీల పిక్కల బస్తాకి పప్పు ఇరవై కేజీల చుట్టుపక్కల వస్తది, ముప్పై అమ్మినట్టు రాస్తే ఆ పది ఏ చెట్టుకి కాసిందని అడగాలి. ఎందుకంటే ఎవడిదో బ్లాక్ డబ్బుని అమ్మకాలుగా చూపించి తెల్లగా చేసిపెట్టడం ఇలాగే జరుగుద్ది, కొనుగోళ్ళు కూడా దొంగవి రాసి సర్దేసినా కరెంటు బిల్లు, కూలీల మస్టరు పెరగవు కదా, అక్కడ దొరికిపోతారు. ఇందులో ఇరుక్కుంటే మనీ లాండరింగ్ చట్టం కింద 3 నుంచి 7 ఏళ్ళు జైలు. "మా ఆడిటరే చూసుకుంటాడులే" అనడానికీ లేదిప్పుడు, క్లయింట్ తరపున స్థలాలు కొనిపెట్టడం, వాళ్ళ డబ్బూ ఖాతాలూ చూసిపెట్టడం లాంటివి చేసే సీఏలని కూడా 2023 మేలో ఆ చట్టం కిందకి తెచ్చేశారు.

అయితే అసలు చిక్కు వేరే చోట ఉంది. పుస్తకాల్లో "మామూళ్ళు, పూజ ఖర్చులు" అని ఒక ఖాతా ఉంది, బిల్లుండదు, రసీదుండదు, ఎవరికిచ్చామో రాయరు. ఏ ఆఫీసుకి ఎంత ఇచ్చాడో మావయ్యకే గుర్తుండదు, అడిగేవాడు లేడు. గుమాస్తా కూడా తన చేతివాటం తెచ్చి అందులోనే కలిపేశాడు, పోయిన ఏడాదికి ఈ ఏడాదికి ఆ ఖాతా రెండింతలైంది. లంచం ఇచ్చినవాడిదీ నేరమేనని, బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చెయ్యాలని 2018 నుంచి చట్టంలో ఉంది మావయ్యా అంటే, "అలగైతే ఫ్యాక్టరీ మూసుకోవాల్రా" అని నవ్వేశాడు.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. నెలనెలా నువ్వే వచ్చి చూడు, గుమాస్తాని ఏడాదికి పది రోజులు సెలవు మీద పంపి ఆ లెక్కలు ఇంకొకరితో చూపిస్తాను, చెక్కుబుక్కు నా దగ్గరే పెట్టుకుంటాను, అన్నీ నువ్వు చెప్పినట్టే, ఆ పూజ ఖాతా ఒక్కటీ ముట్టుకోకు అన్నాడు. అది ముట్టుకోకపోతే బస్సు ఛార్జీలు దండగ అన్నాను. అత్తయ్య ఫోన్ లాక్కుని పండక్కి వస్తావా రావా అని అడిగింది, మాట అక్కడే ఆగింది.