హెల్త్ క్లబ్‌లో పద్నాలుగు నెలలు: అలవాటుకు ఎక్కువ మార్కులు, అవగాహనకు తక్కువ

చేరిన రోజున, నేను నింపవలసిన ఏడు ప్రశ్నల ఆరోగ్య పత్రాన్ని రిసెప్షన్‌లోని అమ్మాయి తానే తీసుకుని, ఏడింటికీ ‘లేదు’ అన్న గడిలో చకచకా టిక్కులు పెట్టేసి, సంతకానికి మాత్రం పెన్ను నా చేతికిచ్చింది. గుండె జబ్బు ఉందని ఎప్పుడైనా వైద్యుడు చెప్పారా, శ్రమ చేసినప్పుడు ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరిగి పడిపోయిన సందర్భాలున్నాయా, రక్తపోటుకు మందులు వాడుతున్నారా అని అడిగే అలాంటి పత్రాలు చాలా దేశాల వ్యాయామశాలల్లో వాడుకలో ఉన్నాయి. అప్పటికి మూడేళ్లుగా నేను రక్తపోటు మాత్ర వేసుకుంటున్నాను. ఆ సంగతి చెప్పబోతే ‘పర్లేదు సార్, అందరికీ ఇలాగే పెడతాం’ అంది. నేనూ ఊరుకుని సంతకం పెట్టాను. తప్పులో నా వాటా కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ క్లబ్‌లో పద్నాలుగు నెలలు గడిచాయి. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. క్లబ్ పేరు చెప్పడం లేదు. మనిషికి వ్యాయామాన్ని అలవాటు చేయించడంలో ఈ చోటికి వంక పెట్టలేను. ఆరోగ్యం గురించి తెలియజెప్పడంలో మాత్రం, ఏ పూట ఏ ట్రైనర్ చేతికి చిక్కామన్నదాన్ని బట్టి మన అదృష్టం ఉంటుంది.

వసతుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. యంత్రాలు సరిపడా ఉన్నాయి, స్నానాల గదులు శుభ్రంగా ఉంటాయి, వాడిన బెంచీని తుడిచి వెళ్లాలన్న నియమాన్ని ఉదయంవారు పాటిస్తారు, సాయంత్రంవారు పాటించరు. పాటల మోత భరించలేనంత కాదు గానీ, ట్రైనర్ చెప్పేది వినబడనంత ఉంటుంది.

మొదటి రోజే చెప్పులు విప్పించి, లోహపు పలకలున్న ఒక యంత్రం మీద నిలబెట్టి, రెండు పిడులు చేతికిచ్చారు. అర నిమిషంలో ఒక చీటీ బయటికి వచ్చింది. కొవ్వు శాతం, కండ బరువు, నీటి శాతం, అన్నింటికీ అడుగున ‘శరీర వయసు 58’ అని ఉంది. నా అసలు వయసు 47. ఆ చీటీని చూపించినవారు మరుక్షణమే ప్రత్యేక శిక్షణ ప్యాకేజీ వివరాల కాగితాన్ని దాని పక్కన పెట్టారు. ఆ యంత్రం కొవ్వును నేరుగా కొలవదన్న విషయాన్ని ఎవరూ చెప్పలేదు. అది ఒంట్లోకి అతి బలహీనమైన విద్యుత్తును పంపుతుంది. నీరు ఎక్కువగా ఉండే కండరం దాన్ని సులువుగా పోనిస్తుంది, కొవ్వు అడ్డుకుంటుంది. ఆ అడ్డును కొలిచి, ఎత్తు, బరువు, వయసు కలిపి, ఒక సూత్రంతో మిగిలినదంతా అంచనా కడుతుంది. అందువల్ల ఒంట్లో నీరు మారితే అంకె మారుతుంది. మూడో నెలలో అనుమానం వచ్చి, ఒకే రోజు వ్యాయామానికి ముందొకసారి, తరువాత నీళ్లు తాగి ఒకసారి ఎక్కి చూశాను. గంటన్నరలో నా కొవ్వు శాతం ఒకటిన్నర మారింది. ఎప్పుడూ ఒకే వేళకు, ఒకే పరిస్థితిలో చూసుకుంటూ నెలల మీద వచ్చే మార్పును గమనించడానికి ఆ యంత్రం పనికొస్తుంది. చేరడానికి వచ్చినవారిని బెదరగొట్టడానికి వాడితే మాత్రం అది ఆరోగ్య పరీక్ష అనిపించుకోదు.

ఇక అలవాటు సంగతి. ఇంట్లో వ్యాయామం చేద్దామని నేను అంతకుముందు నాలుగైదు సార్లు మొదలుపెట్టి మానేశాను. క్లబ్‌లో మానలేకపోవడానికి కారణం యంత్రాలు కావు, మనుషులు. ఉదయం ఆరింటికి వచ్చే ఎనిమిది పది మందిమి ఒకరి పేరు ఒకరికి తెలియకముందే ముఖాలు గుర్తుపట్టేవాళ్లం. రెండు రోజులు వెళ్లకపోతే మూడో రోజు ‘ఏంటండీ, ఊరెళ్లారా?’ అని ఎవరో ఒకరు అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వస్తుందనే మంచం దిగిన రోజులు నాకు చాలా ఉన్నాయి. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని క్లబ్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అది నిజం కాదు. లండన్‌లో జరిగి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒక పని ఆలోచన లేకుండా దానంతటదే జరిగిపోయే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. నాకైతే మూడు నెలలు దాటింది. ఇరవై రెండో రోజున బద్ధకం వేసినప్పుడు, ఆ గోడ మీది మాట వల్ల లోపం నాలోనే ఉందనుకుని దాదాపు మానేసినంత పనిచేశాను.

సభ్యత్వం తీసుకోవడం వేరు, వెళ్లడం వేరు. అమెరికాలో మూడు హెల్త్ క్లబ్బుల సభ్యుల హాజరును పరిశీలించిన ఇద్దరు ఆర్థికవేత్తలు, నెలవారీ రుసుము కట్టేవారిలో ఎక్కువమంది వెళ్లిన రోజుకు మాత్రమే డబ్బు కట్టి ఉంటే తక్కువలో పోయేదని 2006లో చూపించారు. రేపటి మనం ఇవాళ్టి మనకన్నా చురుగ్గా ఉంటామని నమ్మడమే దీనికి మూలమని వారి వివరణ. మా క్లబ్ కూడా ఏడాది సభ్యత్వాన్నే అంటగట్టాలని చూస్తుంది. మొదట మూడు నెలలకు తీసుకుని, హాజరు చూసుకుని, ఆ తరువాత పొడిగించుకోవడం మేలు.

ఈ క్లబ్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది బరువుల విభాగం. చేరక ముందు నా దృష్టిలో బరువులెత్తడం కుర్రాళ్ల కండల సరదా. ముప్పైలు దాటినప్పటి నుంచి కండ పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం వరకు తగ్గుతూ వస్తుందని, అరవై దాటాక ఆ తరుగుదల ఇంకా వేగమందుకుంటుందని, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం కూడా చేయమంటున్నాయని నాకు ఉదయం ట్రైనర్ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, చేసి చూపించాడు. అరవై ఐదు దాటిన ఒకావిడ మోకాళ్ల నొప్పులతో చేరారు. ఆయన ఆమెను ఏ యంత్రం దగ్గరికీ తీసుకెళ్లలేదు. ఒక చెక్క పెట్టె మీద రెండు మెత్తలు పేర్చి, ‘అమ్మా, వెనకాల కుర్చీ ఉందనుకుని నడుం వెనక్కి తీసుకెళ్లండి, మోకాళ్లు ముందుకి తోయకండి’ అన్నాడు. ‘పడిపోతానేమో బాబూ’ అన్నారామె. ‘పడితే మెత్త మీదే పడతారు’ అన్నాడు. ఎనిమిది సార్లు కూర్చుని లేచారు, చేతులు ఆయన భుజాల మీద ఆనించి. రెండు వారాల తరువాత ఒక మెత్త తీసేశాడు, ఇంకో నెలకు రెండోదీ తీసేశాడు, ఆ తరువాత చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవమన్నాడు. ఐదో నెలలో ఆమె రెండు చేతుల్లో చిన్న డంబెల్స్ పట్టుకుని ఆ పెట్టె మీంచి లేస్తుంటే, అద్దం ముందు భుజాలు చూసుకుంటున్న కుర్రాళ్లు కూడా ఆగి చూశారు. భారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోవడమన్న సూత్రాన్ని ఇంతకన్నా బాగా బోధించడం నేను చూడలేదు.

మొదటి నెలలో బలం పెరిగినట్టు అనిపించినా కండ పెద్దగా పెరగదని, నరాలు కండరాన్ని మరింత సమర్థంగా పనిచేయించడం నేర్చుకోవడమే అందుకు కారణమని కూడా ఆయన నోటే విన్నాను. చేయి చుట్టుకొలత మారలేదని దిగాలుపడకుండా నన్ను కాపాడింది ఆ ఒక్క మాటే.

ఆఫీసు వేళలు మారి, నాలుగో నెలలో సాయంత్రం బ్యాచ్‌కు మారాను. అక్కడి ట్రైనర్ మంచి మనిషే. శ్రద్ధ ఎక్కువ, చదువు తక్కువ. 220లోంచి వయసు తీసేసి, నా గుండె గరిష్ఠంగా 173 సార్లు కొట్టుకుంటుందని లెక్కగట్టి, అందులో 85 శాతమైన 147 చేరేదాకా ట్రెడ్‌మిల్ వేగం పెంచుతూ పోవాలన్నాడు. ఆ సూత్రం సగటు మనిషికి ఒక అంచనా మాత్రమే. ఒకే వయసున్న ఇద్దరి మధ్య ఇరవైకి పైగా తేడా కూడా ఉండవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, నేను వేసుకునే మాత్ర గుండె వేగాన్నే అణచిపెట్టే రకం. యంత్రం మీద 118 దాటడం లేదు. నేను కష్టపడటం లేదనుకుని ఆయన ఏటవాలు పెంచాడు, వేగం పెంచాడు, ‘ఇంకొంచెం సార్, ఇంకొంచెం’ అన్నాడు. అంకె 121 దగ్గర ఉండగా నా చెవుల్లో హోరు మొదలైంది, ఎదుటి అద్దం చీకటిగా కనిపించింది. ఎర్ర మీట నొక్కి దిగి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆయన గాభరాపడి గ్లూకోజ్ నీళ్లు తెచ్చిచ్చాడు. మాత్ర సంగతి అప్పుడు చెబితే, ‘ఫారంలో లేదని ఉంది కదా సార్’ అన్నాడు. ఆయన తప్పు లేదు. ఫారంలో లేదనే ఉంది.

మర్నాడు వైద్యుడి దగ్గరికి వెళితే, ఈ మాత్ర వేసుకునేవారు నాడి అంకెను నమ్ముకోకూడదని, ఊపిరిని గమనించుకోవాలని చెప్పారు. వ్యాయామం చేస్తూ మాట్లాడగలగాలి గానీ పాడలేకపోవాలి. అదే మధ్యస్థ శ్రమ. మాట మధ్యలో తెగిపోతుంటే తీవ్ర శ్రమ. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. నేను మళ్లీ ఉదయం బ్యాచ్‌కు మారిపోయాను. ఉదయం ట్రైనర్‌కు ఈ పద్ధతి ముందే తెలుసు. ఒకే క్లబ్‌లో, ఒకే గదిలో, పన్నెండు గంటల తేడాతో ఇంత తేడా ఉండటం ఈ సంస్థ మీద నా ప్రధానమైన ఫిర్యాదు.

ఈ గదిలో తిరిగే మిగిలిన మాటల్లోనూ తాలూ గింజా కలిసే ఉంటాయి. నడుం చుట్టూ ప్లాస్టిక్ పట్టీ బిగించుకుని ట్రెడ్‌మిల్ ఎక్కేవారు రోజూ కనిపిస్తారు. చెమటతో పోయేది నీరు, గ్లాసుడు నీళ్లు తాగగానే ఆ బరువు తిరిగి వస్తుంది. పొట్ట వ్యాయామాలతో పొట్ట మీది కొవ్వే కరుగుతుందన్న నమ్మకమూ అంతే గట్టిది, అంతే తప్పు. వ్యాయామం చేసిన మర్నాడూ ఆ మర్నాడూ వచ్చే ఒళ్లు నొప్పులకు లాక్టిక్ ఆసిడ్ పేరుకోవడమే కారణమని ఇద్దరు ట్రైనర్లూ ఏకకంఠంతో చెప్పారు. నిజానికి అది గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి తొలగిపోతుంది. నొప్పి రావడానికి అలవాటు లేని శ్రమతో కండరపు నారల్లో ఏర్పడే సూక్ష్మమైన దెబ్బలు కారణం. ట్రెడ్‌మిల్ పిడులను గట్టిగా పట్టుకుని, వెనక్కి వాలి నడుస్తూ, తెర మీద కనిపించే క్యాలరీలన్నీ తమ ఖాతాలో వేసుకునేవారి గురించి చెప్పనే అక్కర్లేదు. ఇక రిసెప్షన్ వెనకాల అద్దాల అలమరాలో ప్రొటీన్ డబ్బాలున్నాయి. సలహా చెప్పేవారే సరుకు అమ్మేవారైనప్పుడు, అందరికీ ఆ డబ్బా అవసరమనే తేలుతుంది. కిలో శరీర బరువుకు రోజుకు 0.8 గ్రాములు సాధారణ అవసరమని, బరువులెత్తేవారికి అంతకు ఎక్కువే కావాలని, దాన్ని మామూలు ఆహారంతోనూ సమకూర్చుకోవచ్చని చెప్పే ఒక్క కాగితమైనా ఆ అలమరా పక్కన అంటించవచ్చు. లాకర్ల గదిలో కండలు పెంచే హార్మోన్ ఇంజెక్షన్ల గురించి కుర్రాళ్లు గుసగుసగా మాట్లాడుకోవడం కూడా రెండుసార్లు చెవిన పడింది. బయటి నుంచి హార్మోన్ ఎక్కిస్తే శరీరం సొంతంగా తయారుచేసుకోవడం తగ్గించేస్తుందని, గుండెకూ సంతాన సామర్థ్యానికీ ముప్పు అని వారికి చెప్పేవారు అక్కడ లేరు. యాజమాన్యానికి తెలియదనుకోను.

క్లబ్ మూడో అంతస్తులో ఉంది. దాదాపు అందరూ లిఫ్టులో వచ్చి, మెట్లెక్కే యంత్రం మీద ఇరవై నిమిషాలు ఎక్కి, మళ్లీ లిఫ్టులో దిగి వెళతారు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, సీట్లో కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా గుండె జబ్బులు తక్కువని వైద్య పరిశోధకుడు జెరెమీ మోరిస్ బృందం 1953లో చూపించింది. ఆ కండక్టర్లు ఏ క్లబ్‌లోనూ సభ్యులు కారు. గంటసేపు చెమటోడ్చి మిగిలిన పగలంతా కుర్చీకి అతుక్కుపోయే నాలాంటి వారికి క్లబ్ చెప్పవలసిన మొదటి మాట మెట్ల గురించే. ఆ మెట్ల తలుపు దగ్గర మాత్రం పాత కుర్చీలు పేర్చి ఉంటాయి. రెండుసార్లు చెబితే తీశారు, మూడోసారి మళ్లీ పెట్టారు.

మనసు సంగతి కూడా రాయాలి. నిద్ర మెరుగైంది, చిరాకు తగ్గిందని నాకన్నా ముందు ఇంట్లోవాళ్లు గమనించారు. అయితే నాలుగు గోడలకూ అద్దాలున్న గదిలో తొలి నెలల్లో నన్ను నేను ఇతరులతో పోల్చుకోని రోజు లేదు. కిటికీ పక్కన, అద్దం లేని మూల ఒకటి ఉంది. అక్కడ చాప పరుచుకుంటే సరిపోతుందని తెలియడానికి చాలా కాలం పట్టింది.

పద్నాలుగు నెలల తరువాత నా బరువు తగ్గింది రెండు కిలోలే. యంత్రం ఇప్పుడు నా శరీర వయసు 51 అంటోంది. దాన్ని ఎంతవరకు నమ్మాలో ఇప్పుడు తెలుసు కాబట్టి సంతోషించలేదు, బాధపడనూ లేదు. మూడు అంతస్తులూ ఆగకుండా ఎక్కి, పైకొచ్చాక మాట్లాడగలుగుతున్నాను.

గత వారం సభ్యత్వాన్ని మరో ఆరు నెలలకు పొడిగించుకున్నాను, ఉదయం బ్యాచ్‌కే. అదే రిసెప్షన్, అదే అమ్మాయి, అదే ఏడు ప్రశ్నల పత్రం. ఆమె పెన్ను తీసేలోపే పత్రాన్ని నా వైపు తిప్పుకుని, మందుల ప్రశ్న దగ్గర ‘అవును’ అని రాశాను. ‘అయ్యో సార్, అలా పెడితే డాక్టర్ లెటర్ కావాలంటారు’ అంది. జేబులోంచి తీసి ఇచ్చాను.